ట్రయల్‌లో ఉన్న చెల్లి సంగతి ఫోన్‌లో పెద్దమ్మకి చెప్పేశారు. ఎవరిని అడగాలి?

అన్నయ్య_వైజాగ్ | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

మా చెల్లికి 24 ఏళ్లు. ఇంటర్ చదివే రోజుల నుంచి ఫిట్స్ ఉన్నాయి. మందులతో చాలావరకు తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు. ఆరు నెలల క్రితం నగరంలో ఒక ఆసుపత్రిలో కొత్త మందు మీద స్టడీ జరుగుతోందని డాక్టరుగారు చెబితే, తనే కాగితాలన్నీ చదువుకుని చేరింది. అమ్మకి, నాకు తప్ప ఎవరికీ తెలీదు. నాన్న లేరు.

మొన్న గురువారం విజిట్ ఉంది. ఆఫీసులో సెలవు దొరకలేదు, ఫోన్ సైలెంట్‌లో పెట్టింది. ఆసుపత్రి వాళ్లు రెండో నంబరుకి చేశారు. చేరిన రోజు నా ఫోన్ రిపేరులో ఉందని పెద్దమ్మ నంబరు రాయించాం, తర్వాత మార్చడం మర్చిపోయాం. పెద్దమ్మ ఎత్తగానే అవతలి అమ్మాయి "మీ అమ్మాయి ఫిట్స్ మందు ట్రయల్‌కి ఈరోజు రావాలండీ, రాలేదు, మాత్రలు అయిపోతాయి" అని గబగబా చెప్పేసింది. పెద్దమ్మకి సగమే అర్థమైంది. ఆ సగం చాలు. సాయంత్రానికి విజయనగరంలో ఉన్న బంధువుల దాకా వెళ్లిపోయింది, "పిల్ల మీద ఏవో మందులు పరీక్ష చేస్తన్నారట" అని. ఇంట్లో [తీసివేశాం — మోడరేటర్] నుంచి వచ్చిన సంబంధం మాటలు జరుగుతున్నాయి.

చెల్లి రెండు రోజులుగా సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయేమోనని మాకు టెన్షన్. నంబరు మేమే ఇచ్చాం కాబట్టి తప్పు మాదేనా? ఎవరికి ఫిర్యాదు చేయాలి? చేస్తే వైద్యం ఆపేస్తారా? అసలు ఇంకా ఆ స్టడీలో ఉండాలా, మానేయాలా?

తను [తీసివేశాం — మోడరేటర్]లో పనిచేస్తుంది. మేముండేది [తీసివేశాం — మోడరేటర్] వీధిలో. దగ్గర్లో మంచి లాయరు ఎవరైనా ఉంటే చెప్పండి.

మోడరేటర్ | ఆదివారం రాత్రి 10:31

మీ పోస్టులో మీ చెల్లిగారి ఆఫీసు, వీధి పేరు, సంబంధం వాళ్ల ఊరు తీసేశాను. ఆ మూడూ కలిపి చదివితే మీ వీధిలో వాళ్లు ఎవరైనా గుర్తుపడతారు. పేరు రాయకపోయినా సరే. ఇకమీదట కూడా దయచేసి ఇలాంటివి రాయకండి. జవాబులిచ్చేవాళ్లు కూడా ఏ ఆసుపత్రి అని అడగవద్దు.

పదేళ్ల_కోఆర్డినేటర్ | ఆదివారం రాత్రి 10:58

నేను పదేళ్లుగా క్లినికల్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను, వైజాగ్‌లోనే. మీ పోస్టు చదివాక చాలా బాధేసింది. ఆ ఫోన్ చేసిన అమ్మాయిది కూడా నా ఉద్యోగమే.

అన్నిటికంటే ముందు మాత్రల సంగతి చూడండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఒక్కోసారి ఆగకుండా వస్తూనే ఉంటాయి. స్టడీ మానేయాలనుకున్నా సరే, డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో మెల్లగా మార్చుకోవాలి. మీ చెల్లి దగ్గర పర్సులో పెట్టుకునే చిన్న కార్డు ఒకటి ఉండాలి, దాని మీద రాత్రీపగలూ పలికే నంబరు ఉంటుంది. ఈ రాత్రే చేయమనండి. ఫిర్యాదు రేపు చూసుకోవచ్చు.

ఇక తప్పు ఎవరిది అన్నారు. మీది కాదు. రెండో నంబరు ఇవ్వడమంటే "మా అమ్మాయి దొరక్కపోతే ఈ నంబరులో వెతకండి" అని మాత్రమే. "జబ్బు పేరు వీళ్లకి చెప్పండి" అని కాదు. మాకు మొదటి వారంలోనే నేర్పుతారు. ఎత్తినవాళ్లు ఎవరో తెలిసేదాకా ఆసుపత్రి పేరు కూడా అనకూడదు. "నేను ఫలానా మాట్లాడుతున్నానండీ, ఆవిడ వచ్చాక ఈ నంబరుకి ఒకసారి చేయమని చెప్తారా" అంటే అక్కడితో అయిపోయింది. అటు నుంచి ఎంత గుచ్చిగుచ్చి అడిగినా అంతకుమించి చెప్పకూడదు. మన వాళ్లు అడుగుతారు కూడా. "ఎవరమ్మా నువ్వు, ఏ పని మీద, మా పిల్లతో నీకేటి పని" అని పెద్దవాళ్లు అడుగుతుంటే నోరు కట్టేసుకోవడం కష్టమే. అయినా కట్టుకోవాలి.

నేను నా ఫైళ్లలో నంబరు పక్కన ఇంకో గడి గీసుకుంటాను. అక్కడ "భర్త, అన్నీ చెప్పొచ్చు", "అత్తగారు, పేరు మాత్రమే", "మెసేజ్ వద్దు" ఇలా వాళ్లు చెప్పిందే రాస్తాను. మూడు నెలలకోసారి మళ్లీ అడుగుతాను. మనుషుల మధ్య ఎవరితో ఎంత చనువు అన్నది మారిపోతూ ఉంటుంది కదా.

అన్నయ్య_వైజాగ్ | ఆదివారం రాత్రి 11:20

అక్కా, చాలా థాంక్స్. ఇప్పుడే ఫోన్ చేయించాను. రేపు పొద్దున్నే మాత్రలు ఇస్తామన్నారు. ఒక్క అనుమానం. తన పేరు, ఫోటో, ఆధార్ ఇవన్నీ కంపెనీ వాళ్ల దగ్గరకి వెళ్లిపోయాయా?

పదేళ్ల_కోఆర్డినేటర్ | ఆదివారం రాత్రి 11:47

వెళ్లకూడదు తమ్ముడూ. చేరిన రోజే ఆవిడకి ఒక నంబరు ఇస్తారు. రక్తం ట్యూబ్ మీద, కంపెనీ కంప్యూటర్‌లో, ల్యాబ్ రిపోర్టులో ఆ నంబరే ఉంటుంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే జాబితా ఒకే ఒకటి, అది ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి దగ్గర తాళం వేసిన బీరువాలో ఉంటుంది.

కానీ పూర్తి నిజం చెప్పాలి. ఆవిడ సంతకం పెట్టిన సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉంటుంది, మళ్లీ చదవమనండి. కంపెనీ వాళ్లు, వాళ్ల తరఫున పనిచేసేవాళ్లు, ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులు, క్షేమం చూసే కమిటీ), ప్రభుత్వ అధికారులు ఆవిడ కేస్ షీట్ చూడటానికి వేరే అనుమతి అక్కర్లేదని ఉంటుంది. మధ్యలో మానేసినా అంతే. మేము రాసింది నిజమో కాదో సరిచూడటానికి ఎవరో ఒకరు అసలు కాగితం చూడాలి కదా. వాళ్లు మా గదిలో కూర్చుని చూస్తారు, పేరున్న కాగితం బయటికి తీసుకుపోరు. బయటి వాళ్లకిచ్చే సమాచారంలో గానీ, అచ్చయ్యే వ్యాసంలో గానీ ఆవిడ ఎవరో తెలియనివ్వం అని కూడా అదే పత్రంలో ఉంటుంది.

అందుకే "ఎవరికీ తెలీదు" అని నేను ఎప్పుడూ చెప్పను. "వీళ్లకి తెలుస్తుంది, వీళ్లు దాటి పోదు" అని చెప్తాను. మొదటిది అబద్ధం. రెండోది నేను నిలబెట్టుకోగల మాట.

రిటైర్డ్_మాస్టారు | సోమవారం ఉదయం 6:15

బాబూ, నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుడిని. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో సగం మంది ఆ సంస్థకి చెందనివాళ్లు కావాలి, డాక్టరు కాని మామూలు మనిషి ఒకరు, స్త్రీ ఒకరు తప్పనిసరి. ఆ మామూలు మనిషిని నేను.

మీ చెల్లెమ్మకి ఇచ్చిన సమాచార పత్రం చివర రెండు నంబర్లుంటాయి. ఒకటి డాక్టరుగారిది, రెండోది ఎథిక్స్ కమిటీ వాళ్లది. రెండోది ఉన్నదే ఇలాంటి వాటికోసం. తెల్లకాగితం మీద తేదీ, ఏ నంబరు నుంచి ఏ నంబరుకి ఫోన్ వచ్చింది, ఏమన్నారు, అంతే రాయండి. తెలుగులోనే రాయండి. కమిటీ విచారించి, ఆసుపత్రి వాళ్లతో సరిదిద్దించవచ్చు, అవసరమైతే ట్రయల్‌ను ఆపగలదు కూడా. అక్కడ తేలకపోతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకి రాయవచ్చు, దాని జోనల్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫిర్యాదు చేశారని వైద్యం ఆపడానికి వీల్లేదు. మానేస్తానన్నా మామూలుగా అందే వైద్యం అందాల్సిందే. అది కూడా ఆ పత్రంలోనే ఉంటుంది.

నేను కమిటీలో ప్రతి ప్రాజెక్టుకీ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ రోగి ఏ కుర్చీలో కూర్చుంటాడు?" మొదట్లో డాక్టర్లు ఆశ్చర్యపోయేవారు. కంప్యూటర్ పాస్‌వర్డుల గురించి నాలుగు పేజీలు రాస్తారు. ఓపీ బయట బల్ల మీద 30 మంది కూర్చున్నప్పుడు తలుపు తీసి "ట్రయల్ పేషెంట్లు ఇటు రండమ్మా" అని కేకేస్తే ఆ నాలుగు పేజీలూ ఏం చేస్తాయి? ఒకసారి వెళ్లి చూశాను. ప్రయాణం ఖర్చులు ఇచ్చే కాగితం ఒక్కటే. వరసగా పేర్లు, ఊళ్లు, ఎదురుగా సంతకాలు. పెందుర్తి నుంచి వచ్చినామె తన పేరు వెతుక్కోవడానికి పైనున్న పద్నాలుగు పేర్లూ వేలితో చదువుకుంటూ కిందికి వచ్చింది. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. వాళ్ల ఊరావిడే. మర్నాటి నుంచి మనిషికో వోచరు చేయించాం.

ఇంకొక్క మాట, తప్పుగా అనుకోవద్దు. ఇక్కడ రాయమని మీ చెల్లెమ్మ మీకు చెప్పిందా?

పూర్ణామార్కెట్_రాజు | సోమవారం ఉదయం 9:02

నాదొక మాట. ఆ అమ్మాయి మాత్రలు అయిపోతాయని ఆత్రంగా చేసింది, మంచికే కదా. తెలిసింది కూడా సొంత పెద్దమ్మకే, ఊరందరికీ కాదు. మన ఇళ్లలో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే పదిమంది వస్తారు, అదే మన బలం. ఇలా ప్రతి చిన్నదానికీ కమిటీలు, కేసులు అంటే రేపు కొత్త మందులు పరీక్షించడానికే ఎవరూ ముందుకు రారు. నష్టం మళ్లీ రోగులకే.

ఎర్రరిబ్బన్ | సోమవారం ఉదయం 11:40

రాజు గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. నేను 15 ఏళ్లుగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లతో పనిచేస్తున్నాను. పదిమంది రావడం బలమే. పదిమందిలో ఎవరిని పిలవాలో జబ్బు పడ్డ మనిషి నిర్ణయించుకోవాలి. ఫోన్ చేసినామె ఆ ఎంపిక తన చేతిలోకి తీసేసుకుంది.

ఇంకోటి, మీరన్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా జరగడమే నేను చూశాను. నమ్మకం పోయిన చోట జనం రారు. వచ్చినా నిజం చెప్పరు. తాగుడు అలవాటు దాస్తారు, వాడే నాటుమందు దాస్తారు, మాత్ర మింగకుండా మింగామంటారు. అప్పుడు ఆ పరిశోధన ఫలితమే తప్పుతుంది. 

ప్రభుత్వానికి కూడా ఇది అర్థమైన సందర్భం ఒకటి చెప్తాను. 2013లో ట్రయల్‌లో చేరే ప్రతి ఒక్కరి సమ్మతినీ వీడియో తీయాలని పెట్టారు. చదువులేని వాళ్లని మోసం చేయకుండా ఉండటానికి, ఉద్దేశం మంచిదే. కానీ హెచ్‌ఐవీ ఉన్న మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి "నాకు ఈ జబ్బు ఉంది, ఈ మందు తీసుకుంటాను" అనిపిస్తే? ఆ వీడియో ఎక్కడికి పోతుందోనన్న భయంతో లేచి వెళ్లిపోరూ? 2015లో మార్చారు. కొత్త రసాయనంతో చేసే ట్రయల్‌లో, అదీ బలహీన స్థితిలో ఉన్నవాళ్ల విషయంలోనే వీడియో. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో అయితే గొంతు మాత్రమే రికార్డు చేస్తారు, మొహం తీయరు. 2019 నిబంధనల్లోనూ అలాగే ఉంచారు. మొహం చూపించాల్సిన పని లేకపోవడం ఎంత ధైర్యమో, తలుపు దగ్గర చున్నీ కప్పుకుని నిలబడ్డవాళ్లని చూస్తే తెలుస్తుంది.

పూర్ణామార్కెట్_రాజు | సోమవారం మధ్యాహ్నం 12:25

నిజమేనమ్మా. ఎంపిక ఆ పిల్లది అన్న మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

లాయరమ్మ_మహారాణిపేట | సోమవారం మధ్యాహ్నం 1:10

చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. రోగి చెప్పిన రహస్యం డాక్టరు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. మెడికల్ రీసెర్చికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గోప్యత మీద విడిగా చెప్పారు. మీరు మొదటి రోజే కోర్టు గుమ్మం ఎక్కక్కర్లేదు. మాస్టారు చెప్పిన దారే మంచిది. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

గోప్యతకి హద్దులు లేకపోలేదు. కోర్టు అడిగితే ఇవ్వాలి. టీబీ బయటపడితే ప్రభుత్వానికి తెలియజేయాలి, 2012 నుంచి అది తప్పనిసరి. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి. వీటిలో ఏదీ పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పడం కిందికి రాదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వస్తాను. ఫిట్స్ ఉంటే పెళ్లి చెల్లదని మన వైపు ఇంకా అనుకుంటారు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ అన్న మాట నిజంగానే ఉండేది. 1999లో సవరించి ఆ మాటని తీసేశారు. పాతికేళ్లు దాటింది. చట్టం మర్చిపోయినా చుట్టాలు మర్చిపోలేదు. మీ పెద్దమ్మగారికి ఈ సంగతి చెప్పండి.

పీజీ_రెండో_సంవత్సరం | సోమవారం రాత్రి 9:33

సర్, మేడమ్, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను థీసిస్ చేస్తున్నాను. కేస్ షీట్ల జిరాక్సుల మీద పేర్లు నల్ల మార్కర్‌తో కొట్టేస్తున్నాను. ఫోటోల్లో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తున్నాను. అందరూ ఇలాగే చేస్తారు. ఈ థ్రెడ్ చదివాక అనుమానం వచ్చింది. ఇది సరిపోతుందా?

డేటా_మనిషి | సోమవారం రాత్రి 10:05

సరిపోదు డాక్టరుగారూ. ఇప్పుడే ఒక కాగితం తీసుకుని మార్కర్ కొట్టిన చోట వెనక నుంచి లైటుకి పట్టి చూడండి. పేరు చదవొచ్చు. కొట్టేశాక దాన్ని మళ్లీ జిరాక్స్ తీసి, ఆ రెండో కాపీనే వాడాలి, మొదటిది చింపేయాలి. ఎక్స్‌రే, సీటీ ఫైళ్లలో బొమ్మ మీద పేరు చెరిపినా ఫైలు లోపల పేరు, వయసు, ఆసుపత్రి నంబరు అలాగే ఉంటాయి. స్కాన్ సెంటర్ వాళ్లని అడిగితే పేరు తీసేసిన కాపీ ఇస్తారు. కళ్ల మీద పట్టీ సంగతైతే, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీయే అది చాలదని స్పష్టంగా రాసింది. మనల్ని ఎరిగినవాళ్లు కళ్లు చూసే గుర్తుపడతారా? గడ్డం, పుట్టుమచ్చ, వెనకున్న మంచం మీద దుప్పటి, ఏది చూసినా గుర్తుపడతారు. ఫోటోకి వేరే సమ్మతి తీసుకోండి, ఆ ఫోటో వాళ్లకి చూపించి మరీ తీసుకోండి.

పేరు తీసేస్తే మనిషి మాయమైపోతాడని మేమూ ఒకప్పుడు అనుకునేవాళ్లం. 1990ల్లో అమెరికాలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, అప్పటికి విద్యార్థిని, పేర్లు తీసేసి విడుదల చేసిన ఆసుపత్రి రికార్డుల్ని ఓటర్ల జాబితాతో సరిపోల్చి మాసచూసెట్స్ గవర్నరు కాగితాలు ఏవో పట్టేసింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి పోస్టల్ కోడ్ ఈ మూడూ చాలు, అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని ఆమె తర్వాత లెక్కకట్టింది. ఈ థ్రెడ్ పైకి వెళ్లి మొదటి పోస్టు చూడండి. మోడరేటర్‌గారు తీసేసినవి కూడా సరిగ్గా మూడే.

అందుకే మీ షీట్లో పుట్టిన తేదీ వద్దు, వయసు చాలు. ఊరు వద్దు, జిల్లా చాలు. థీసిస్‌కి అంతకంటే ఎందుకు?

పీజీ_రెండో_సంవత్సరం | సోమవారం రాత్రి 10:40

లైటుకి పట్టి చూశాను సర్. అన్నీ కనపడుతున్నాయి. 62 షీట్లు. ఈ రాత్రికే మళ్లీ చేస్తాను. మా వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న ఫోటోలు కూడా తీసేయమని అడుగుతాను.

ఉద్దానం_బిడ్డ | మంగళవారం ఉదయం 7:50

జిల్లా చాలు అన్నారు కదా, దాని గురించే నాకు ఒక బాధ ఉంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కిడ్నీ జబ్బు మీద ఎంతమంది డాక్టర్లు, ఎన్ని బృందాలు వచ్చాయో లెక్కలేదు. రక్తం తీసుకున్నారు, నీళ్లు తీసుకున్నారు, మట్టి తీసుకున్నారు. రావాలి, రావద్దనడం లేదు. మా నాన్న డయాలసిస్ మీదే పోయారు. కారణం ఏదో తేలాలని మాకంటే ఎవరికుంటుంది?

కానీ ప్రతి వార్తలో, ప్రతి నివేదికలో ఊరి పేరు. మనిషి పేరు దాచారు, ఊరి పేరు దాచలేదు. వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ "మీదేవూరు" అంటే కవిటి వైపు అని చెప్పడానికి ఒక్క క్షణం ఆగుతాను. మా ఊరి పిల్లకి సంబంధం వస్తే ముందు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత అని అడిగిన ఇల్లు నాకు తెలుసు. ఒక్కో మనిషి పేరు దాస్తే సరిపోదండీ. ఊరికి కూడా పరువుంటుంది. నివేదిక అచ్చయ్యే ముందు ఊరి పెద్దలకి చదివి వినిపించి, "ఇలా రాస్తున్నాం, మీకు అభ్యంతరమా" అని అడిగితే వాళ్ల సొమ్మేం పోతుంది?

రిటైర్డ్_మాస్టారు | మంగళవారం ఉదయం 8:20

బాబూ, ఇది నేను వచ్చే సమావేశంలో చెప్తాను. పాడేరు వైపు సికిల్ సెల్ అనే రక్తం జబ్బు మీద పనిచేసేవాళ్ల ప్రాజెక్టు వచ్చినా ఇదే అడగాలి. 40 గడపల గూడెంలో "24 ఏళ్ల స్త్రీ, ఇద్దరు పిల్లలు" అని రాస్తే పేరు రాసినట్టే. ఇంతకాలం నాకిది తట్టలేదు.

గాజువాక_సిస్టర్ | మంగళవారం మధ్యాహ్నం 3:15

నేను స్టడీ నర్సుగా చేశాను. పెళ్లికాని అమ్మాయి ఫిట్స్ మందు ట్రయల్‌లో ఉందన్నారు కాబట్టి, ఎవరూ నోరు విప్పని సంగతి ఒకటి నేను చెప్తాను.

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకి ఇలాంటి ట్రయల్స్‌లో గర్భ పరీక్ష చేస్తూ ఉంటాం. కొత్త మందు వల్ల కడుపులో బిడ్డకి ఏమవుతుందో తెలీదు కాబట్టి. పెళ్లయిందా లేదా అని చూడం. పెళ్లికాని అమ్మాయి పక్కన తల్లి కూర్చుని ఉంటుంది. ఆ చిన్న డబ్బా చేతికివ్వగానే "ఇదెందుకమ్మా, మా పిల్లకి పెళ్లే కాలేదు" అంటుంది. ఆ పిల్ల తల దించేసుకుంటుంది. ఎన్నిసార్లు చూశానో.

నేను ఏం చేసేదాన్నంటే, మొదటి రోజే తల్లిని, కూతురిని ఇద్దరినీ కూర్చోబెట్టి "ఈ స్టడీలో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లందరికీ ఈ పరీక్ష ఉంటుంది, ఎవరి మీదా అనుమానంతో కాదు" అని ముందే చెప్పేదాన్ని. ఫలితం మాత్రం అమ్మాయికే, గదిలో ఒక్కతే ఉన్నప్పుడే. తల్లి అడిగినా "తనని అడగండమ్మా" అనేదాన్ని. 18 దాటిన అమ్మాయి ఫలితం అమ్మాయిది. ఒక తల్లి నా మీద అరిచింది కూడా. ఆ అమ్మాయి మాత్రం చివరి విజిట్ దాకా ఒక్కటీ మానకుండా వచ్చింది.

పదేళ్ల_కోఆర్డినేటర్ | మంగళవారం సాయంత్రం 6:02

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. దీనికి ఇంకోటి కలుపుతాను. సమ్మతి పత్రంలో నామినీ పేరు, చిరునామా, బంధుత్వం రాయించుకుంటాం. ఏదైనా జరగరానిది జరిగితే నష్టపరిహారం ఎవరికివ్వాలో తెలియడానికి. కొత్తగా వచ్చిన పిల్లలు నామినీ అంటే అన్నీ తెలిసినవాళ్లే అనుకుని వాళ్లకి ఫోన్లు చేస్తుంటారు. నామినీ వేరు, ఫోన్ చేయాల్సిన మనిషి వేరు, జబ్బు తెలిసిన మనిషి వేరు. మూడూ ఒకరే కానక్కర్లేదు. అన్నయ్యగారూ, కొత్త కాగితం రాసేటప్పుడు ఇది చూసుకోండి.

పర్సులో కార్డు గురించి కూడా. దాన్ని ఇంట్లో వదిలేయొద్దు. రోడ్డు మీద ఫిట్స్ వస్తే ఆ కార్డే ప్రాణం కాపాడుతుంది. కానీ కార్డు మీద జబ్బు పేరు ఉండక్కర్లేదు. స్టడీ నంబరు, ఎమర్జెన్సీ ఫోను ఉంటే అత్యవసరంలో చూసే డాక్టరుకి చాలు. మీ చెల్లి కార్డు మీద జబ్బు పేరు కనక ఉంటే, వేరేది అడగొచ్చేమో డాక్టరుగారితో మాట్లాడండి. కార్డు మీద అచ్చయ్యేది కూడా ముందు కమిటీ చూడాలి, కాబట్టి కొన్నాళ్లు పట్టొచ్చు.

మాస్టారికి_జవాబు | బుధవారం రాత్రి 8:44

నమస్కారమండీ. కొత్తగా చేరాను. పైన అన్నయ్య రాసిన చెల్లిని నేనే.

మాస్టారు గారు అడిగారు, ఇక్కడ రాయమని నేను చెప్పానా అని. చెప్పలేదు. అన్నయ్య ఆ ప్రశ్న చదివి రెండు రోజులు నాకేమీ చెప్పకుండా తిరిగాడు. నిన్న రాత్రి ఫోన్ నా చేతికిచ్చి "చదువు" అన్నాడు, పక్కనే కూర్చున్నాడు. మొదట కోపం వచ్చింది. ఆసుపత్రి వాళ్లు ఒక పెద్దమ్మకి చెబితే వీడు ఇంతమందికి చెప్పాడని. చదువుతూ పోయాక ఆ కోపం నిలవలేదు. వాడు భయపడి చేశాడు. ఫోన్ చేసినావిడ కూడా అంతేనేమో. అయినా ఇద్దరూ నన్ను అడగాల్సింది.

ఈరోజు సగం పూట సెలవు పెట్టి వెళ్లాను. అన్నయ్యని కేజీహెచ్ డౌన్ స్టాపు దాకా తోడు రమ్మని, అక్కడి నుంచి ఒక్కదాన్నే ఆటోలో పోయాను. డాక్టరుగారికి ముందు నోటితో చెప్పాను, తర్వాత కాగితం ఇచ్చాను. ఫోన్ చేసినామెని పిలిపించారు. నా వయసే. కళ్లనీళ్లు పెట్టుకుంది. తనని తీసేయాలని నేను అడగలేదు. ఫోన్‌లో ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి, ఆ ఫోన్ పక్కనే గోడకి అంటించమన్నాను. కమిటీ వాళ్లకి కూడా ఒక కాపీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను, లాయరమ్మగారు చెప్పినట్టు. జవాబు వచ్చాక ఇక్కడ రాస్తాను.

స్టడీ మానడం లేదు. నాకు ఈ ఆరు నెలల్లో రెండుసార్లే వచ్చాయి, అంతకుముందు నెలకి మూడు. అది మందు వల్లో కాదో నాకు తెలీదు, నాకిచ్చేది కొత్త మందో పాతదో కూడా డాక్టరుగారికే తెలీదట. అయినా ఉంటాను.

సిస్టర్‌గారూ, ఆ చిన్న డబ్బా సంగతి చదివినప్పుడు నేను, అమ్మ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదటిసారి అమ్మ దాని గురించి నాతో మాట్లాడింది.

సంబంధం సంగతి. అబ్బాయి నంబరు అమ్మ దగ్గరుంది, తీసుకుని నేనే మాట్లాడాను. ఫిట్స్ ఉన్నాయని, మందు వాడుతున్నానని చెప్పాను. ట్రయల్ సంగతి ఇప్పుడే చెప్పలేదు. అది ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను. ఆదివారం బీచ్‌రోడ్డులో కలుద్దామన్నారు.

కొత్త కాగితంలో రెండో నంబరు దగ్గర అన్నయ్యది రాయించాను. పక్కన కోఆర్డినేటర్ అక్క చెప్పిన గడి లేదు. పెన్ను అడిగి నేనే గీశాను. "అన్న. జబ్బు తెలుసు. ఫలితాలు నన్ను అడిగాకే" అని రాసి, కింద సంతకం పెట్టి వచ్చాను.

అన్నయ్య_వైజాగ్ | బుధవారం రాత్రి 9:10

మోడరేటర్‌గారూ, మొదటి పోస్టులో చెల్లి వయసు కూడా తీసేయగలరా? తనని అడిగాను, తీసేయమంది.